సీలు వేసిన నోటీసు

మా కాలేజీలో సంతకం లేని కాగితం కాగితమే కాదు. సంతకం కింద నీలం సీలు ఉండాలి, అది కాస్త పక్కకు వాలి ఉంటే మరీ నమ్మకం. అనంతపురంలో ఏ ఆఫీసుకు వెళ్లినా ఇదే భక్తి కనిపిస్తుంది కాబట్టి మా సూపరింటెండెంటు గారొక్కరినే ఆడిపోసుకోవడం న్యాయం కాదు. అయినా ఆడిపోసుకుంటాను. ఆయన మీద నా కోపం ఇంకా చల్లారలేదు.

నేను ఆ కాలేజీ వెబ్‌సైట్ చూసుకునే ఉద్యోగిని. చూపు లేనివాళ్లు, చేతులు సరిగా ఆడనివాళ్లు కూడా వెబ్‌సైట్ సొంతంగా వాడుకోగలగాలని, అందుకు ప్రమాణాలున్నాయని, వాటిని పాటించాలని పైనుంచి ఉత్తర్వు వస్తే ఆ పని నా నెత్తిన పడింది. మొదట్లో విసుక్కున్నాను. తర్వాత ఒక అమ్మాయి పరీక్షించి చూడడానికి నా గదికి రావడం మొదలుపెట్టింది. దాంతో విసుగు పోయింది.

ఆమెది బెళుగుప్ప వైపు పల్లె, రైతు కుటుంబం. పుట్టుకతోనే చూపు లేదు. డిగ్రీ చివరి సంవత్సరంలో ఉండేది. తెర మీది అక్షరాలను గొంతుతో చదివి వినిపించే ఏర్పాటు ఆమె ఫోనులో ఉంది. అది చదివే వేగానికి నాకు ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. ఆమె మాత్రం మధ్యమధ్యలో నాతో కబుర్లాడుతూ వినేది. మా వెబ్‌సైట్ మొదటిసారి తెరిచినప్పుడు ఆ ఫోను "ఇక్కడ నొక్కండి, ఇక్కడ నొక్కండి, ఇక్కడ నొక్కండి" అంటూ పోయింది.

"యాడ నొక్కాలక్కా? అన్నీ ఈడనే అంటాండాది," అంది.

ఆ ఎండాకాలమంతా ఇద్దరం కూర్చుని పని చేశాం. ప్రతి లింకుకూ దాని పేరు పెట్టాం. మౌస్ లేకుండానే పేజీ అంతా తిరిగేలా చేశాం. ఫొటోల కింద వాటిలో ఏముందో మాటల్లో రాశాం.

"ఈ ఫొటోలో ఏముండాదక్కా?"

"ముఖ్య అతిథి మన కాలేజీలో మొక్క నాటుతాండాడు."

"బతికిందా?"

కిటికీలోంచి చూశాను. బతకలేదు. ఇద్దరం నవ్వుకున్నాం.

చివరికి కాలేజీకి ఒక విధానం రాశాను. ఏ నోటీసైనా ఫోను చదవగలిగే అక్షరాల్లోనే పెట్టాలన్నది అందులో ముఖ్యమైన మాట. కమిటీ ఆమోదించింది, చప్పట్లు కొట్టారు, టీ ఇచ్చారు. మర్నాడు ఆఫీసువాళ్లు ఆ విధానాన్నే అచ్చు తీసి, సంతకం పెట్టించి, సీలు వేసి, స్కాన్ చేసి వెబ్‌సైట్‌లోకి ఎక్కించారు. అలా స్కాన్ చేస్తే కాగితం ఫొటో అయిపోతుంది. కంటికి అక్షరాలు కనిపిస్తాయి గానీ ఫోనుకు చదవడానికి ఏమీ దొరకదు. ఆ అమ్మాయి తెరిస్తే ఫోను "ఒకటో పేజీ" అని ఊరుకుంది. పొట్ట పట్టుకుని నవ్వాం. దాన్ని తీసేసి నా దగ్గరున్న అక్షరాల ప్రతి పెట్టాను. ఆరోజు నవ్వి ఊరుకోకుండా నేరుగా ఆఫీసుకు వెళ్లి పోట్లాడి ఉండాల్సింది.

అంతకుముందు ఆమెకు ఒక అలవాటు ఉండేది. రోజూ సాయంత్రం తోటి విద్యార్థినులలో ఎవరికో ఒకరికి ఫోన్ చేసి, కొత్త నోటీసులు ఉంటే చదివించుకునేది. ఆ అలవాటంటే ఆమెకే అసహ్యం.

"నవ్వుతానే చదువుతారక్కా. గానీ ఒక్కోపొద్దు వాళ్లకు విసుగొచ్చేది నాకు తెలుస్తాది."

"ఇంక ఎవర్నీ అడిగే పని లేదులే," అన్నాను. విధానం వచ్చిందన్న సంబరంలో ఉన్నాను. ఆమె ఫోన్లు చేయడం మానేసింది.

ఆమెకు మా కాలేజీలోనే పీజీ సీటు వచ్చింది. ఇక కావలసింది హాస్టల్. వాళ్ల నాయన నా గదికి వచ్చి, కుర్చీ చూపించినా కూర్చోకుండా, ఉన్నమాట చెప్పాడు.

"హాస్టల్ ఇస్తే చదువుకోనీ మేడమ్, నేనేం అడ్డం చెప్పను. దినామూ ఊర్నుంచి వచ్చిపోయేది కాదు. రూము తీసుకోని ఒంటిగా ఉండేదీ కాదు."

కూతురి సంగతి తెలిసిన మనిషి మాట అది. జాబితా వెబ్‌సైట్‌లోనే వస్తుందని, పాపే సొంతంగా చదువుకుంటుందని ఆయనకు చెప్పి పంపాను.

హాస్టల్ జాబితా వచ్చింది. పేరున్నవాళ్లు గడువులోగా వచ్చి చేరకపోతే ఆ చోటు తర్వాతివాళ్లకు పోతుంది. ఆమె పేరు పైనే ఉంది. ఆ జాబితాకు సంతకం ఉంది, సీలు ఉంది, స్కాన్ చేసి పెట్టారు. నాకు చెప్పకుండా ఆఫీసువాళ్లే ఎక్కించారు. ఆమె పల్లెలో కూర్చుని తెరిస్తే ఫోను "ఒకటో పేజీ" అని ఆగిపోయింది. ఇంకా పేర్లు ఎక్కించలేదేమో, ఖాళీ కాగితం పెట్టినారేమో అనుకుంది. ఆఫీసుకు ఫోన్ చేస్తే ఎవరో "అన్నీ వెబ్‌సైట్‌లోనే పెడ్తాండాం పాపా, చూసుకో" అని పెట్టేశారు. చూసుకుంటూ కూర్చుంది. తోటి అమ్మాయి ఒకతె మాటల్లో "నీకు యా రూము ఇచ్చినారే?" అని అడిగేసరికి గడువు దాటిపోయింది.

"స్కాన్ చేసింటారని తోచలేదా?" అని అడిగాను.

"అది నువ్వు మాన్పించినావనుకుంటి కదక్కా."

అప్పుడు వెళ్లాను ఆఫీసుకు. నా గొంతు వరండాలోకి వినిపించిందట.

"సంతకం లేకుండా పెడితే, రేప్పొద్దున ఎవురన్నా దొంగ లిస్టంటే నేను కదమ్మా జవాబు చెప్పల్ల," అన్నారు సూపరింటెండెంటు గారు.

"సంతకం వద్దని నేనెప్పుడు చెప్తి సార్? అక్షరాలుండేది గూడా పెట్టమంటి."

"ఆ మాట మాకెవురు చెప్పినారు?"

"విధానంలో రాసుండాది కదా సార్."

"అది వెబ్‌సైట్‌లో కదమ్మా ఉండేది. మేము యాడ చూస్తాం?"

ఆమె చోట్లోకి అప్పటికే ఇంకో అమ్మాయి పెట్టె తెచ్చుకుని చేరిపోయింది. ఆ అమ్మాయిని లేపి పంపమని ఏ నోటితో అడగను? వచ్చే ఏడు చూద్దామన్నారు పెద్దలు. హాస్టల్ లేదు కాబట్టి పీజీ సీటూ పోయింది.

ఇప్పుడు మా ఆఫీసులో అక్షరాల ప్రతి పెట్టనిదే ఏ నోటీసూ ఎక్కదు. నిజం చెప్పాలంటే సూపరింటెండెంటు గారే దగ్గరుండి చూస్తున్నారు. ఈ ఏటి పీజీ, హాస్టల్ దరఖాస్తుల నోటీసు రాగానే నేను బస్సెక్కి వాళ్ల ఊరికి వెళ్లాను. ఆమె ఇంటి ముందర వాళ్లమ్మతో కలిసి విత్తనానికి వేరుశనగ కాయలు ఒలుస్తోంది. నా గొంతు గుర్తుపట్టి చేతులు దులుపుకుంది. ఫోనులో ఆ నోటీసు తెరిచి, నాకు కూడా అర్థం కావాలని వేగం తగ్గించి పెట్టింది. మొదటి మాట నుంచి చివరి తేదీ దాకా ఎక్కడా తడబడకుండా చదివింది ఫోను.

"బాగా చదువుతాండాదక్కా. నా తర్వాత వచ్చేవాళ్లకు తిప్పలుండవు," అంది.

గుమ్మంలో నిలబడిన వాళ్ల నాయన వైపు తిరిగి, ఈసారి దరఖాస్తు నేనే దగ్గరుండి చూసుకుంటానని, ఏ పొరపాటూ రానివ్వనని, ఒక్కసారి పంపమని అడిగాను.

"పోయినతూరి గూడా మీరే చెప్తిరి కద మేడమ్," అన్నాడాయన. "మా పాప ఫోన్‌ను నమ్మలేదు. మిమ్మల్ని నమ్మింది."

ఆయన గొంతులో కోపం లేదు. ఉండి ఉంటే నేనూ ఏదో ఒకటి అనేదాన్ని.