గూడెం పసరు దాటి ఏలూరు ఆసుపత్రికి

పెళ్లయి ఏడేళ్లయినా మాకు పిల్లల్లేరు. ఏలూరులో సంతానం కోసం చూసే ఆసుపత్రిలో పరీక్షలు చేస్తే నా వీర్యకణాలు బాగా తక్కువని తేలింది. ఎవరికైనా చెబితే నాకు చిన్నతనమని నా భార్య సత్యవతి మాట బయటికి రానివ్వలేదు, మా అమ్మకి కూడా చెప్పలేదు. టెస్ట్ ట్యూబ్ వైద్యానికి ఇంజక్షన్లు మొదలయ్యే రోజు, ముందుగా తాడేపల్లిగూడెం దగ్గర నాటువైద్యుడి పసరు సత్యవతి తాగితేనే తను ఏలూరు వస్తానని మా అమ్మ పట్టుబట్టింది. అలా ముగ్గురం బయల్దేరాం.

మాది కొల్లేరు పక్క ఊరు. నేను చేపపిల్లల హేచరీలో పని చేస్తాను. తెల్లవారగానే ఆటోలో ఉంగుటూరు, అక్కణ్ణుంచి బస్సులో గూడెం చేరాం. వైద్యుడి ఇంటికి మళ్లీ ఆటో, మనిషికి ఇరవై రూపాయలు. డ్రైవర్ నన్ను చూసి నవ్వాడు. "మీరెందుకొచ్చారండీ? అక్కడ మగాళ్లకి టీ తాగడం తప్ప పనుండదండి."

నిజమే. అరుగు మీద ఆడవాళ్లదే వరుస. పరగడుపున పసరు పోస్తారు. భర్తలు గేటు బయటే ఉండాలి. ఇందులో ఏం ఆకులున్నాయని సత్యవతి అడిగితే, చెబితే గుణం పోతుందన్నాడు వైద్యుడు. తెలియని మందేదీ వాడొద్దని ఏలూరు డాక్టరుగారు ముందే చెప్పారు. అయినా తను అమ్మ ముఖం చూసి గ్లాసు ఎత్తబోయింది. నేను గేటు దాటి లోపలికెళ్లాను.

"అమ్మా, తనకే లోపమూ లేదు. లోపం నాలో ఉంది. తాగితే నేను తాగాలి."

వరుసంతా నావైపు తిరిగింది. "మగాళ్లకి మందివ్వడం మా ఇంటావంటా లేదండి" అన్నాడు వైద్యుడు.

అమ్మ కోడలి చేతిలోని గ్లాసు తీసి అరుగు మీద పెట్టింది. "మా వాడి హేచరీలో గుడ్లు పెట్టించాలంటే ఆడచేపకీ మగచేపకీ రెండింటికీ సూది వేస్తారండి. ఇదేం వైద్యమండీ!" వరుసలో ఎవరో కిసుక్కున నవ్వారు. "పదవే అమ్మాయ్, రైలెళ్లిపోద్ది."

గూడెంలో పాసింజరెక్కి ఏలూరులో దిగాం. ఆసుపత్రిలో పక్కన కూర్చున్నావిడ అమ్మని అడిగింది. "కోడలికేనాండీ వైద్యం?"

"ఇద్దరికీనండి. లోటు మా అబ్బాయిది. పదిమందిలో వాడే చెప్పాడు" అంది అమ్మ, గొంతు తగ్గించకుండా.

ఫలితం ఎలా ఉంటుందో ఇంకా తెలియదు. ఇన్నేళ్లూ సత్యవతి ఒక్కతే మోసిన నింద మాత్రం ఆ ఉదయం దిగిపోయింది. నేను ఎక్కువ మాట్లాడే మనిషిని కాను. ఆ రోజు మాట్లాడినందుకు నాకు గర్వంగా ఉంది, అమ్మని తలుచుకుంటే ఇంకా గర్వంగా ఉంది. పిల్లల కోసం వైద్యానికి వెళ్లేవాళ్లకు ఒకటే చెబుతాను. ముందు మగాడి పరీక్ష చేయించండి. ఖర్చు తక్కువ, నొప్పి అసలుండదు.