పోయినేడాది కంటే మెరుగు

ఆ రోజుల్లో పోర్ట్‌బ్లెయిర్‌లో పుట్టి పెరిగిన మాబోటి వాళ్లకి ఓడంటే ఓ లెక్కే కాదు. నడక రాకముందే జెట్టీ మీద పాకినవాళ్లం, తుఫానులో ఊగే ఓడలో కూర్చుని ఆవకాయన్నం తిని అరిగించుకున్నవాళ్లం. రైలును మాత్రం సినిమాలో తప్ప చూసి ఎరగం. (ఆ సినిమాలో రైలు తెర మీదికి దూసుకురాగానే ముందు బెంచీలో ఉన్న నేను లేచి పారిపోయానని మా అక్క ఇప్పటికీ చెబుతుంది. అబద్ధం. కాళ్లు పైకి పెట్టుకున్నానంతే.) మీసాలొచ్చినా రైలెక్కని మనిషినన్న దిగులుతోనే నేను మా కాలేజీ బేస్‌బాల్ జట్టులో చేరాను. ఆటగాళ్లని మెయిన్‌లాండ్ పంపుతారని ఎవరో చెప్పారు.

ఆ ఆటను మా దీవికి తెచ్చింది మా పీటీ మాస్టారు. కాకినాడ వైపు మనిషి. సెలవుల్లో ఏదో శిబిరానికి వెళ్లి, రోకళ్లలాంటి రెండు బ్యాట్లతో, ఒకే ఒక్క బంతితో ఓడ దిగారు. "క్రికెట్ ఎవడైనా ఆడతాడర్రా! దీన్ని ఆడేవాళ్లే తక్కువ. కాబట్టి గెలవడం సులువు" అన్నారు. మేం నమ్మేశాం. ఎదుటి జట్టంటూ ఒకటి ఉండాలి కదా, అందుకని ఫెర్రీలో హార్బరు దాటి బాంబూఫ్లాట్ వెళ్లి, అక్కడి కుర్రాళ్లకీ ఆయనే నేర్పారు. వాళ్లకి కాస్త ఎక్కువే నేర్పారని తొలి ఏడాదే తెలిసొచ్చింది. కొబ్బరిచెట్టంత పొడుగుండే వాళ్ల బౌలరుని అందరం 'చెట్టు' అనేవాళ్లం. వాడు విసిరిన బంతిని కొట్టి మొదటి బేసు దాకా చేరినవాడు ఆ ఏడాది మొత్తంలో మా జట్టులో ఒక్కడూ లేడు. తెడ్డు వేసినట్టు బ్యాటు తిప్పుతానని నాకు 'తెడ్డు' అని పేరు పెట్టారు. (తెడ్డుకి నీళ్లైనా తగులుతాయి. నా బ్యాటుకి గాలి తప్ప ఏదీ తగిలేది కాదు.)

మరుసటి ఏడు నిజంగానే మెయిన్‌లాండ్ పోటీలకి పిలుపొచ్చింది. విశాఖపట్నం దాకా ఓడ, అక్కణ్ణుంచి రైలు! మా ప్రిన్సిపాల్‌ని చాటుగా బడాసాబ్ అనేవాళ్లం. ఆయన మమ్మల్ని వరసగా నిలబెట్టి, "పిఛ్‌లే సాల్ సే బెహతర్ మారో, తబ్ టికెట్" అన్నారు. పోయినేడాది కంటే బాగా కొడితేనే టిక్కెట్లన్నమాట. "సున్నా కంటే మెరుగవడం ఓ పెద్ద పనటర్రా?" అని మాస్టారు మా వీపులు తట్టారు. పెద్ద పనే అయింది. ఆఖరి ఆట ఒక్కటే మిగిలే నాటికి మేం ఆ సున్నా దగ్గరే కదలకుండా కూర్చున్నాం.

ఇక్కడ మా అయ్య గురించి చెప్పాలి. శ్రీకాకుళం తీరం నుంచి వల భుజాన వేసుకొచ్చి, కొన్నాళ్లకి ఫీనిక్స్ బే నుంచి బాంబూఫ్లాట్ వెళ్లే ఫెర్రీకి సారంగు అయ్యాడు. అంటే బోటు నడిపేవాడు. ఆఖరి బోటుకి ఆయన కూత వేశాడంటే ఎంతటి సాబ్ అయినా పరిగెత్తాల్సిందే. ఒకసారి పెళ్లికూతుర్ని ఎక్కించుకుని, తమలపాకుల కోసం దిగిన పెళ్లికొడుకుని జెట్టీ మీదే వదిలేసిపోయాడు. మేం ఆడే మైదానం జెట్టీకి ఎగువన గుట్ట మీద ఉండేది. బోటు మీద ఆయన చుక్కాని గదిలోంచి చూస్తే మేం గాలిని బాదడం చక్కగా కనపడేది.

ఆఖరి ఆటకి ముందురోజు అన్నం దగ్గర మెల్లగా కదిపాను. "అయ్యా, రేపు ఆఖరి బోటు కాసేపు ఆపవా? బాంబూఫ్లాట్ కుర్రోళ్లు బోటుకోసం మధ్యలో ఎలిపోతే నా వంతు రాదు. నాకు రైలు సూడాలని ఉందయ్యా."

"ఏట్రా? నా కూతిని జెట్టీలో జనం గడియారాలు దిద్దుకుంతారు. నీ కర్రాటకోసం ఆళ్ల టైములు సెడగొట్టమంతావేటి? బోటు ఎవులికోసం ఆగదు." ముల్లు తీసి పక్కన పెట్టాడు. "అయినా రైలంటే ఏటుందిరా? మట్టి మీద బోటు. అదీ టైముకి రాదు."

నాకు ఏడుపొచ్చింది. చేపలో కారం ఎక్కువైందని మా అమ్మతో చెప్పాను.

మర్నాడు మావాళ్లందరూ వరసగా బ్యాటు తిప్పి వచ్చి కూర్చున్నారు. ఆఖరున నా వంతు. చెట్టు రెండు బంతులు విసిరాడు, రెండుసార్లూ నేను గాలిని చీల్చాను. ఇంకొక్కటి తప్పిందా, ఆటా పోతుంది, రైలూ పోతుంది. చెట్టు చెయ్యెత్తాడు. సరిగ్గా అప్పుడు కిందినుంచి మా అయ్య కూత వినపడింది.

"అరే, బోట్ ఛూట్ జాయేగీ! భాగ్ రే భాగ్!" అంటూ బోటు తప్పిపోతుందన్న భయంతో బాంబూఫ్లాట్ జట్టంతా గుట్ట దిగి పరుగు లంకించుకుంది. చెట్టు ఒక కన్ను జెట్టీ మీద పెట్టి బంతిని విసిరాడనేకంటే వదిలించుకున్నాడనాలి. అది పెరుగన్నం ముద్దలా మెత్తగా వచ్చి నా బ్యాటుకి తగిలింది. ఖాళీ మైదానంలో దొర్లుకుంటూ పోయింది. చివరగా పరిగెడుతున్న కుర్రాడు దాన్ని చూసి, "మాఫ్ కర్నా యార్" అని బంతితోనే చెప్పి, ఆగకుండా వెళ్లిపోయాడు.

నేను బ్యాటు చంకలో పెట్టుకుని మొదటి బేసుకి పరిగెత్తాను. అక్కణ్ణుంచి రెండోదానికి పోవాలి. పుట్టినప్పట్నుంచీ ఆడిన క్రికెట్ ఎక్కడికి పోతుంది? వెనక్కి తిరిగి మొదలెట్టినచోటికే పరిగెత్తుకొచ్చాను. మళ్లీ వెళ్లాను, మళ్లీ వచ్చాను. మావాళ్లు "దో! తీన్!" అని చప్పట్లు కొడుతున్నారు. మాస్టారు రొప్పుకుంటూ వచ్చి నా కాలరు పట్టుకుని మొదటి బేసు మీద నిలబెట్టి, "ఒరే తెడ్డూ, నీకు దణ్ణం పెడతాను, ఇక్కడే ఉండరా!" అన్నారు.

బడాసాబ్ మమ్మల్ని పిలిచి, "పిఛ్‌లే సాల్ సే కిత్నా గునా?" అని అడిగారు. ఎన్ని రెట్లు మెరుగయ్యామని. పక్కనున్న లెక్కల మాస్టారు కళ్లజోడు సర్దుకుని, సున్నా మీద ఒకటి ఎన్ని రెట్లో గణితశాస్త్రమే చెప్పలేదన్నారు. బడాసాబ్ కళ్లు పెద్దవయ్యాయి. "ఇత్నా!" అని, అన్ని రెట్లా అని మురిసిపోయి వెంటనే సంతకం పెట్టేశారు.

రైలు చూశాను. మా అయ్య చెప్పినట్టే టైముకి రాలేదు. వచ్చాక ఎక్కడం మానేసి దాన్ని తాకుతూ నిలబడితే మాస్టారు కిటికీలోంచి లోపలికి లాగారు. పోటీలో మొదటి ఆటలోనే ఓడిపోయాం. నాకు చీమ కుట్టినట్టైనా లేదు.

తిరిగొచ్చేసరికి ఫీనిక్స్ బేలో అందరూ ఒకటే గొణుగుడు. మా ఆఖరి ఆట మర్నాడు ఏ గడియారం చూసినా ముందుకు పోయిందట. గుమస్తాలు తాళం తియ్యకముందే ఆఫీసు గుమ్మంలో నిలబడ్డారట. ఆ రోజు కూత విని అందరూ ముళ్లు తిప్పుకున్నారు మరి! బాంబూఫ్లాట్ కుర్రాళ్లు పరుగున వచ్చి బోటెక్కితే, అసలు టైమయ్యేదాకా బోటు ఎంతకీ కదల్లేదట. అప్పటికి నా బుర్రకి వెలిగింది.

"అయ్యా, ఆ రోజు కూత ముందే ఏసినావా?" అని అడిగాను.

ఆయన వల ముడి మీంచి తల ఎత్తలేదు. "బోటు ఆపమన్నావు. ఆపినానేటి?" అన్నాడు.

ఆపలేదు. ఆ తరవాత కూడా ఎవరికోసమూ ఆపలేదు. ఆయన పోయి చాలా ఏళ్లైంది, ఇప్పటికీ ఆ మాట తలుచుకుంటే నాకు నవ్వూ ఏడుపూ కలిసే వస్తాయి.

ఇప్పుడు ఏటా మెయిన్‌లాండ్ వెళ్తుంటాను. రైలు ఆలస్యమని పక్కవాళ్లు విసుక్కుంటుంటే నేను హాయిగా కూర్చుంటాను. కూత వినపడితే మాత్రం, ఈ అరిగిపోయిన మోకాళ్లతోనే, సంచీ చంకలో పెట్టుకుని లేచి ప్లాట్‌ఫారం చివరిదాకా పరిగెడతాను. అది మా రైలు కాదని తెలిసి మళ్లీ వెనక్కి పరిగెత్తుకొస్తాను.

"ఏమిటండీ ఆ పోవడం, ఆ రావడం?" అంటుంది మా ఆవిడ.

"రెండు పరుగులు వచ్చాయి" అని చెప్పి, రొప్పు తీర్చుకుంటూ కూర్చుంటాను.