ఫకీరప్ప నొక్కిన రిఫ్రెష్

రిఫ్రెష్ నొక్కితే కంప్యూటర్ వేగం పెరగదని తెలిసిన ఫకీరప్ప, ఆ రోజు తానెందుకు నొక్కాడు? హుబ్బళ్లిలో పెళ్లిపత్రికలు కంపోజ్ చేసిన నీలవ్వకు ఈనాటికీ అంతుపట్టలేదు.

సాయంత్రానికి పత్రికలు పూర్తికాకపోతే ఆమె కొలువు ఊడేలా ఉంది. కంప్యూటరేమో నత్తనడక. రిపేరుకొచ్చిన ఫకీరప్ప, ఆమె అదేపనిగా రిఫ్రెష్ కొట్టడం చూసి నవ్వాడు.

"అక్కా, గిలిగింతలు పెడితే అది పరిగెడుతుందా?"

"మెమరీ నిండిపోయింది తమ్మా!"

"నిండటానికేగా అదుంది! ఖాళీ గిన్నె ఎవరి కడుపు నింపింది? మెమరీ ఖాళీ చేస్తుందని నువ్వెక్కించిన ఈ సాఫ్ట్‌వేరే దీని పీక నొక్కుతోంది."

దాన్ని తీసేశాడు. కంప్యూటర్ కదిలింది, ఆమె చేతుల వణుకు మాత్రం ఆగలేదు. అతను మూడుసార్లు రిఫ్రెష్ నొక్కాడు. వణుకు తగ్గింది.

ఆఖరి పత్రిక ముగించి ఆమె తలెత్తేసరికి, ఫకీరప్ప ఎందుకు నొక్కాడో చెప్పకుండానే వెళ్లిపోయాడు.