పాత డిస్కు మీదే లేచింది

బహ్రెయిన్‌లో నేను పనిచేసిన కంపెనీకి దీవంతా సరుకుల దుకాణాలుండేవి. వాటి బిల్లులన్నీ సనాబిస్‌లో మా ఆఫీసు కింది అంతస్తులో ఉన్న రెండు పెద్ద సర్వర్లలోకి వచ్చిపడేవి. ఆ రెండూ జంటగా పనిచేసేవి. ఒకటి ఆగిపోతే రెండోది పని అందుకోవాలి. అందుకని రెంటికీ ఉమ్మడిగా బీరువా అంత డిస్కుల పెట్టె, ఆ డిస్కులను రెంటికీ పంచే సాఫ్ట్‌వేర్ ఉండేవి. ఆ సాఫ్ట్‌వేర్ పాతబడింది. చెడితే ఇక తాము చూడలేమని అమ్మినవాళ్లు చెప్పేశారు. కొత్తది ఎక్కించే పని నా మీద పడింది.

అప్పటికే నాలో సత్తువ లేదు. మహూజ్‌లో నలుగురం కలిసి ఉండే ఫ్లాటుకు చేరితే బూట్లు విప్పకుండానే మంచం మీద వాలిపోయేవాణ్ని. వరంగల్ నుంచి ఫోన్ చేసి “దుబాయిల మంచిగున్నవా?” అని అడిగేవాళ్లకు, నేనున్నది దుబాయి కాదని చెప్పే ఓపిక కూడా పోయింది.

మెషీన్ రూములో నాకు తోడు ఒకే ఒక్క ఆపరేటరు. గుంటూరు జిల్లా ఆవిడ. నాకన్నా బాగా పెద్దది కాబట్టి అక్కా అనేవాణ్ని. భర్తతో ముహర్రక్‌లో ఉండేది. నిజానికి ఆ పనికి ఇద్దరుండాలి. రెండో ఆయన సెలవు మీద ఊరికి పోయి, అక్కణ్నుంచే రాజీనామా పంపించాడు. అప్పట్నుంచీ ఆయన డ్యూటీ కూడా ఈవిడే లాగుతోంది, శుక్రవారాలతో సహా. అక్కడ వారపు సెలవు శుక్రవారమే కాబట్టి చర్చిలో తెలుగువాళ్ల ఆరాధన జరిగేది ఆ పొద్దున్నే. అక్కడ పాట ఎత్తుకునేది ఈవిడే. ఇప్పుడెవరు పాడుతున్నారని ఒకసారి అడిగాను.

“ఎవరో ఒకళ్లు పాడతార్లే తమ్ముడూ” అంది, తెర మీంచి చూపు తిప్పకుండా.

దుకాణాలు నడుస్తుండగా సర్వర్లను ఆపే వీల్లేదు. అందుకని వేరే దారి పట్టాం. ప్రతి సర్వర్‌లోనూ లోపల రెండు డిస్కులుంటాయి. మిషను నడిచేది మొదటిదాని మీద. దాన్నంతా రెండో డిస్కు మీదికి నకలు తీశాం. మిషను తన పని తాను చేసుకుంటుండగానే ఆ నకలు మీద కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కించాం. పాత సాఫ్ట్‌వేరూ కొత్తదీ ఒకదానితో ఒకటి కలవవు కాబట్టి, ఇక మిగిలిందల్లా రెండు సర్వర్లనూ ఒకేసారి ఆపి, ఈసారి ఆ రెండో డిస్కు నుంచి లేపడం. తేడా వస్తే పాత డిస్కు ఎలాగూ అట్లాగే ఉంటుంది, వెనక్కి వెళ్లిపోవచ్చు. చెప్పుకోవడానికి తేలికే. కానీ ఆ నకలు పనికే వారాలు పట్టింది. ఎక్కడో ఒకచోట ఆగిపోయేది, మళ్లీ మొదట్నుంచి మొదలుపెట్టేవాళ్లం.

మా మేనేజరు పెద్దవయసు బహ్రెయినీ. సర్వర్లు ఆపుకోవడానికి ఆయన శుక్రవారం పగలు ఇచ్చాడు. జుమ్మా నమాజు అయ్యాక సాయంత్రానికి దుకాణాలు తెరుస్తారు, అప్పటికి సర్వర్లు లేచి ఉండాలి.

ఆ రోజు మొదటి సర్వర్ దగ్గర నేను, రెండోదాని దగ్గర అక్క కూర్చున్నాం. బిల్లుల పని ఆపించాం. రెంటినీ ఒకేసారి దించాం. అంత పెద్ద మిషన్లు తిరిగి లేవడానికి చాలాసేపు పడుతుంది. నాది కొత్త సాఫ్ట్‌వేర్‌తో లేచింది, లేచి జోడీ కోసం చూస్తూ ఆగిపోయింది. అక్కది కూడా లేచింది. కానీ రెండూ కలవలేదు. డిస్కుల పెట్టె దేనికీ అందలేదు.

మేనేజరు వచ్చి నా వెనకాల నిలబడ్డాడు. “వెనక్కి వెళ్లిపోదామా?” అన్నాడు.

వెనక్కి పోతే ఇన్ని వారాల పని మళ్లీ చెయ్యాలి. ఆ మాట తలుచుకుంటేనే ఒళ్లంతా బరువెక్కింది.

“నమాజుకు వెళ్లొస్తాను. ఈలోపు తేల్చండి” అని ఆయన వెళ్లిపోయాడు.

“అక్కా, గిది కొత్త సాఫ్ట్‌వేర్ లొల్లి లెక్కుంది” అన్నాను.

ఆవిడ తెర మీద ఏదో చదివి, మళ్లీ చదివి, కళ్లద్దాలు తీసి పక్కన పెట్టింది.

“కాదయ్యా. నాది పాత డిస్కు మీదే లేచింది” అంది. కీబోర్డు వంక చూసి, “నేను రీబూట్ అని కొట్టాను” అంది.

మిషన్‌ను తిరిగి లేపడానికి రెండు ఆదేశాలున్నాయి. ఒకటి పద్ధతిగా అన్నీ సర్దుకుంటూ ఆపుతుంది, ఆ సర్దుకోవడంలోనే కొత్త డిస్కుకు పగ్గాలు అందుతాయి. రెండోది, అంటే ఈ రీబూట్, ఉన్నపళంగా ఆపేస్తుంది, ఆ అందించడం జరగదు. మొదటిదే వాడాలని ఇద్దరికీ తెలుసు, పొద్దున కూడా అనుకున్నాం. ఏళ్ల తరబడి అలవాటైన మాటను ఆవిడ వేళ్లు కొట్టేశాయి.

“పర్వాలేదక్కా. మళ్ల దించుదాం” అన్నాను. కోపం తెచ్చుకునే శక్తి నాలో లేదు. ఆవిడ మొహం చూశాక తెచ్చుకోబుద్ధి కూడా కాలేదు.

ఈసారి ఆదేశం కొట్టి, ఎంటర్ నొక్కే ముందు నన్ను పిలిచి చూపించింది. మిషను లేచేదాకా ఏసీ గాలి కింద శాలువా కప్పుకుని కూర్చుంది. “మిషన్లకైతే జోడీ ఉండాలని ఈ కంపెనీవాళ్లకి తెలుసు తమ్ముడూ. నా కుర్చీకీ ఉండాలని మాత్రం తెలీదు” అంది. ఆ గొంతులో నిష్ఠూరం కూడా లేదు.

రెండోది కొత్త సాఫ్ట్‌వేర్‌తో లేచింది. రెండూ ఒకదాన్నొకటి గుర్తుపట్టాయి. డిస్కులు ఒక్కొక్కటే అందాయి. అప్పటికే మనిషి చేరిన ఒక దుకాణానికి ఫోన్ చేసి బిల్లు కొట్టించి చూస్తే, వచ్చింది.

మేనేజరు తిరిగొచ్చి ఏం జరిగిందని అడిగాడు. సాఫ్ట్‌వేర్ కాస్త మొరాయించిందని చెబుదామనుకుంటున్నాను. అక్కే ముందు నోరు తెరిచింది.

“నా పొరపాటు సార్. తప్పు ఆదేశం కొట్టాను.”

ఆయన ఆవిడ వంక చూశాడు. “నువ్వు సెలవు ఎప్పుడు తీసుకున్నావు?”

“గుర్తు లేదు సార్.”

ఆయన “ఖలాస్, ఇక చాలు. ఇంటికి వెళ్లు. రేపూ రావద్దు, ఎల్లుండీ రావద్దు” అన్నాడు. ఆవిడ నమ్మనట్టు నా వైపు చూసింది. నేను తల ఊపాను. సంచీ సర్దుకుని, శాలువా కుర్చీ మీదే మరిచిపోయి వెళ్లిపోయింది.

ఆ రెండు రోజులూ ఆవిడ కుర్చీలో నేనే కూర్చున్నాను. ఫోన్ మోగుతూనే ఉంది. ఒక దుకాణంలో ప్రింటరు పని చెయ్యదు, ఇంకో దుకాణంలో ధర తప్పు పడుతుంది. అన్నం ప్యాకెట్టు విప్పి నాలుగు ముద్దలు తినేలోపు ఎన్నిసార్లు లేచానో. ఇన్నాళ్లూ పక్క కుర్చీలోనే ఉండి, ఇదంతా ఆవిడ ఒక్కతే చేస్తోందని నాకు పట్టలేదు.

రెండో ఆపరేటరు కావాలని మేనేజరు ఆ వారమే పైకి రాశాడు. మనిషి మాత్రం ఎండాకాలం సాంతం గడిచాకే వచ్చాడు, మంగుళూరు అతను. ఈలోపు శుక్రవారాలు నేనూ అక్కా వంతులేసుకున్నాం. నా వంతు వచ్చినప్పుడు అక్క ఆరాధనకు పోయేది. ఆఫీసు ముందు రోడ్డంతా ఖాళీగా ఉండేది, ఎండకు తారు మెరిసేది. నేను గాజు తలుపు తోసుకుని లోపలికి పోయి, ఆ చలిలో కూర్చునేవాణ్ని.