వియ్యంకుడి పంచె, చిట్టి మర్యాద

ఇందులో ప్రతి అక్షరం నిజం. ఇరవై రెండేళ్లు నా అరచేతిలో నలిగిన తోలుపట్టీ మీద ప్రమాణం చేసి చెబుతున్నాను.

పోలీసు జాగిలాల దళంలో హెడ్ కానిస్టేబుల్‌గా ఉండగా, ఒక వానాకాలంలో విజయవాడకు బదిలీ అయి గవర్నర్‌పేటలో మేడ మీది వాటాలో దిగాను. దళంలో నేను హ్యాండ్లర్‌ని. అంటే ఒక కుక్కకు ఒక మనిషి, దాని తిండీ తర్ఫీదూ అతనివే. కింది వాటాలో ఇంటివారు సుబ్బారావుగారు, ఆయన భార్య సీతామహాలక్ష్మిగారు, ముప్ఫై కిలోల లాబ్రడార్ చిట్టి. గేటు చప్పుడైతే చాలు, చిట్టి ముందుకాళ్లు వచ్చినవారి గుండెల మీద ఉండేవి. పామర్రు నుంచి వచ్చిన వియ్యంకుడు వీరయ్యగారి తెల్ల పంచె మీద బురద ముద్రలు వేయడంతో సుబ్బారావుగారు తీర్మానించేశారు.

"ఆదివారం బావగారు మళ్లీ వస్తున్నారు. ఈసారి మీద పడిందా, కైకలూరు చేపల చెరువు మీద కాపలాకి పంపించేస్తా."

"దాంతోపాటు నేనూ వెళ్తా. మీరే వండి క్యారేజీ పంపండి," అన్నారావిడ. తిన్నగా మేడెక్కి నా దగ్గరికి వచ్చారు. "దొంగల్ని పట్టే కుక్కల్ని తయారుచేస్తారు కదండీ, చుట్టాల్ని వదిలేసే కుక్కని చేయలేరా?"

మూడు రోజులే గడువు. ముందుగా ఒక పూట గమనించాను. చిట్టి ఎగరగానే, భయపడ్డ అతిథి ప్లేటులోని జంతిక విరిచి పడేస్తున్నాడు. అంటే తర్ఫీదు ఎప్పుడో పూర్తయింది, ఇచ్చింది చుట్టాలే.

గుమ్మం పక్కన గోనెపట్టా పరిపించాను. దాని మీద కూర్చుంటేనే ముక్క, అదీ సీతామహాలక్ష్మిగారి చేత్తోనే. ఎగిరితే వచ్చినవారు మాట్లాడకుండా వెనుదిరగాలి. తెల్ల పంచె కట్టి నేనే వియ్యంకుణ్నయ్యాను. గేటు తీసి లోపలికి, మళ్లీ బయటికి. ఎదురు లాడ్జీ మేనేజరు జాలిపడ్డాడు: "ఇంకా రానివ్వడం లేదాండీ?"

ఆదివారం వీరయ్యగారు వచ్చారు. చిట్టి పట్టా మీద కూర్చుంది. అంతటితో ఆగక ఆయన చెప్పులు నోట కరిచి తెచ్చి, కుడీ ఎడమా చూసి జతగా పెట్టి, మళ్లీ పట్టా మీదికి వెళ్లింది. ఆయన మురిసిపోయి జంతిక విరిచి పైకెత్తి చూపించారు. చిట్టి లేచింది.

మా వైపు వియ్యంకుడి చేతికి అడ్డు చెప్పడమనేది ఉండదు. సుబ్బారావుగారు ఫ్యాను వైపు చూశారు. హెడ్ కానిస్టేబుల్‌ని, నేనూ ఫ్యాను వైపే చూశాను.

"అన్నయ్యగారూ, చెయ్యి వెనక్కి తీసుకోండి. దానికి నేనే పెట్టాలి," అన్నారు సీతామహాలక్ష్మిగారు.

"నాకే ఆర్డరా చెల్లెమ్మా!" అంటూనే ఆయన జంతిక ఆవిడ చేతిలో పెట్టారు. చిట్టి మళ్లీ కూర్చున్నాకే అది దాని నోటికి చేరింది. చెరువు మాట ఆ ఇంట్లో మళ్లీ వినబడలేదు.

ఇంటికొచ్చినవారికి అడ్డు చెప్పగల మనిషి ఒకరుంటేనే ఆ ఇంటి కుక్కకు మర్యాద వస్తుంది. నేను నేర్చుకున్నది ఇదే.

ఇక ఒప్పుకోవలసినది ఒకటుంది. చెప్పులు జతగా పెట్టిన ముచ్చట నా కల్పన. ఆయన పంచె మచ్చ లేకుండా పామర్రు చేరిన మాట నిజం. ఎడమ చెప్పు మాత్రం ఇప్పటికీ దొరకలేదు.