ఒక మిషను మీద ఇద్దరం

నేను పదో తరగతి పాసైన ఏడాదిని వికలాంగుల సంవత్సరమన్నారు, నరసరావుపేటలో వికలాంగుల గురించి మాట్లాడని పెద్దమనిషి లేడు. ఒక సభ పెట్టి మమ్మల్ని ముందు వరసలో కూర్చోబెట్టి తలా ఒక అరటిపండు చేతిలో పెట్టారు. ఐటీఐల్లో, పాలిటెక్నిక్కుల్లో మాలాంటివాళ్ళకి సీట్లు కేటాయిస్తూ కొత్త జీవో వచ్చిందని ఒక ఆఫీసరు చదివి వినిపించాడు. అప్పటిదాకా నేను ఎడమ కాలికి ఇనప కడ్డీల బూటు తొడుక్కుని హైస్కూలుకి పోవటమే గొప్పగా చెప్పుకునేవాళ్ళు మా పేటలో. ఆ తర్వాత ఏం చదువుతావని అడిగినవాళ్ళు లేరు. సభ నుంచి ఇంటికి వస్తుంటే నేను రిక్షాలో, నాయన పక్కనే సైకిలు మీద. "ఇంక నీకు దారి దొరికింది తల్లీ" అన్నాడు. ఆయన అంత సంతోషంగా మాట్లాడటం నేను తక్కువసార్లు విన్నాను.

నాయన ఆయిల్ ఇంజన్ల మెకానిక్కు. మేం దూదేకులవాళ్ళం, ఇంట్లో మాట్లాడేది తెలుగే. వినుకొండ రోడ్డు మీద మాకొక రేకుల షెడ్డు ఉండేది. ఈపూరు, నకరికల్లు వైపు రైతులు పాడైన ఇంజన్లు బళ్ళ మీద వేసుకుని వచ్చేవాళ్ళు. ఏదన్నా పార్టు విరిగితే కొత్తది చేయించటానికి గుంటూరు లేతు షాపుకి బొమ్మ గీసి, కొలతలు వేసి పంపాలి. ఎనిమిదో తరగతి నుంచీ ఆ బొమ్మలు నేనే గీసేదాన్ని. పార్టు పైనుంచి చూస్తే ఎట్లా ఉంటుందో ఒకటి, పక్కనుంచి చూస్తే ఎట్లా ఉంటుందో ఒకటి, అడ్డంగా కోస్తే లోపల ఎట్లా ఉంటుందో ఇంకొకటి. కాలు సరిగా లేని పిల్లనని ఆటలకి ఎవరూ పిలవకపోతే షెడ్డులో కూర్చుని నేర్చుకున్న పని అది. ఐటీఐలో డ్రాఫ్ట్స్‌మన్ అని ఒక ట్రేడు ఉందని, అందులో బల్ల ముందు కూర్చుని ఇట్లాంటి బొమ్మలే గీయాలని మా లెక్కల టీచరమ్మ చెప్పింది. అంతకన్నా నాకు సరిపోయే చదువు ఇంకొకటి ఉంటుందని అనిపించలేదు.

ఇంటర్వ్యూలో బల్ల వెనక ముగ్గురు ఉన్నారు. ఐటీఐ ప్రిన్సిపాలు, ఒక డాక్టరు, సభలో జీవో చదివిన ఆఫీసరు. డాక్టరు నా కాలు చూశాడు. నేను గీసిన బొమ్మలు సంచిలోంచి తీయబోతే ఆఫీసరు అవసరం లేదన్నాడు. వికలాంగులకి అనువైన ట్రేడులు ఏవో పైనుంచే రాసి వచ్చాయని, అందులో డ్రాఫ్ట్స్‌మన్ లేదని చెప్పాడు. ఆ పనిలో ఉన్నవాళ్ళు సర్వేకి గొలుసు పట్టుకుని పొలాల్లో తిరగాలట.

"టైలరింగ్ తీసుకో అమ్మా. ఆడపిల్లవి, ఇంటిపట్టున కూర్చుని చేసుకునే పని. నీ మంచికే చెబుతున్నా" అన్నాడు.

ఆయన గొంతులో కసురు లేదు. అదే నాకు ఇప్పటికీ మింగుడుపడదు. కసిరితే తిరిగి ఏదో ఒకటి అనేదాన్నేమో. అంత మెత్తగా చెప్పేసరికి నాయన దణ్ణం పెట్టాడు, నేనూ పెట్టాను. ముందు లోపలికి పోతే తర్వాత ట్రేడు మార్పించుకోవచ్చులే అని బయటికి వచ్చాక నాయన నాకు నచ్చజెప్పాడు.

మొదటి రోజు టైలరింగ్ క్లాసు గుమ్మంలో అడుగుపెట్టి ఆగిపోయాను. గోడ వెంబడి వరసగా మిషన్లు ఉన్నాయి. అన్నీ కాలితో తొక్కేవే. ఇంటర్వ్యూలో అంతసేపు నా కాలు చూశారే, ఈ మిషన్లు వాళ్ళలో ఒక్కరికీ గుర్తు రాలేదా అనుకున్నాను. క్లాసు చెప్పే మేడమ్ నా బూటు వంక, మిషను వంక చూసి, ఒక స్టూలు జరిపి కూర్చోమంది.

వికలాంగుల కోటాలో రెండో సీటు బొల్లాపల్లి నుంచి వచ్చిన ఒకావిడకి ఇచ్చారు. నాకన్నా నాలుగైదేళ్ళు పెద్దది, అక్కా అనేదాన్ని. చొప్ప కత్తిరించే మిషన్లో ఆమె కుడి చెయ్యి మణికట్టు దాకా పోయింది. తర్వాత పట్టుబట్టి ఎడమ చేత్తో రాయటం నేర్చుకుంది. ఇంటర్వ్యూలో ఆఫీసుల్లో పనికొచ్చే ట్రేడు ఏదన్నా ఇవ్వమని అడిగిందట. టైపు కొట్టటానికి రెండు చేతులూ కావాలి కాబట్టి కుదరదన్నారు. ఆ మాట అని, టైలరింగ్ ఇచ్చారు.

"గుడ్డ కుట్టటానికి ఒక చెయ్యి చాలని వాళ్ళకెవురు చెప్పారో తెలీదు. వాళ్ళ ఇళ్ళల్లో ఆడోళ్ళు కుట్టటం ఎప్పుడూ చూళ్ళేదేమో" అంది, తన గురించి చెబుతూ. నవ్వుతూనే అంది కానీ ఆ నవ్వు మొహం మీద ఎక్కువసేపు నిలవలేదు.

నేను ఒక్క కాలితోనే తొక్కేదాన్ని. కొంచెం పట్టు తప్పితే చక్రం వెనక్కి తిరిగేది, దారం పుటుక్కున తెగేది. మధ్యాహ్నానికల్లా మంచి కాలు కూడా వాచిపోయేది. అక్కకి కాళ్ళు గట్టివి, బొల్లాపల్లి చేలల్లో నడిచిన కాళ్ళు. ఆమె తొక్కితే చక్రం ఆగకుండా పరిగెత్తేది. కానీ ఒంటి చేత్తో గుడ్డ తిప్పలేక కుట్టు వంకరపోయేది. మేడమ్ ఆ వంకర కుట్లు విప్పించి మళ్ళీ కుట్టించేది. ఇద్దరం పొద్దస్తమానం కుట్టటం కన్నా విప్పటమే ఎక్కువ చేసేవాళ్ళం.

నాయన ఒకరోజు వచ్చి నా మిషను చక్రానికి ఇనప పిడి బిగించాడు, చేత్తో తిప్పుకోవచ్చని. తిన్నటి కుట్లు దానితో బాగానే పడ్డాయి. రవికకి చెయ్యి అతికించేటప్పుడు మాత్రం గుడ్డకి రెండు చేతులూ కావాల్సి వచ్చింది. ఇంతలో ప్రిన్సిపాలు తనిఖీకి వచ్చి, గవర్నమెంటు సొత్తుకి బయటివాళ్ళు మార్పులు చేయకూడదని ఆ పిడి ఊడదీయించాడు. నాయన మళ్ళీ వచ్చి దాన్ని జేబులో వేసుకుని ఇంటికి తీసుకొచ్చాడు.

ఆ తర్వాతే ఒకరోజు అక్క విసుగెత్తి తన స్టూలు ఎత్తుకొచ్చి నా పక్కన వేసింది.

"నువ్వు గుడ్డ చూసుకో. నేను తొక్కుతా" అంది.

మొదట నవ్వులాటే అయింది. నేను ఆపమనేసరికి ఆమె ఇంకో నాలుగు కుట్లు తొక్కేసేది. వారం తిరక్కుండానే కుదిరింది. నేను గుడ్డ మీద వేళ్ళు బిగిస్తే చాలు, ఆమె కాలు నిదానించేది. నేనూ చెప్పక్కర్లేదు, ఆమే అడగక్కర్లేదు. చేతులు, మెడలు, కాజాల పట్టీలు అన్నీ తీరుగా పడ్డాయి. మేడమ్ మేం కుట్టిన రవిక తిరగేసి లోపలి కుట్లు చూసి, తక్కిన పిల్లలకి చూపించింది. నేను ఐటీఐలో సంతోషంగా ఉన్న రోజులంటూ ఉంటే అవే. ఇద్దరం కలిసి చదువు అయ్యాక ఒక కొట్టు పెట్టుకుందామా అని కూడా అనుకున్నాం.

అయినా నా మనసు వరండా అవతలి గదిలోనే ఉండేది. అక్కడ డ్రాఫ్ట్స్‌మన్ క్లాసు. ఏటవాలు బల్లలు, స్టూళ్ళు. ఒకబ్బాయి పాలిటెక్నిక్‌లో సీటొచ్చి వెళ్ళిపోవటంతో ఒక బల్ల ఖాళీ అయింది. కిటికీలోంచి చూస్తే దాని మీద దుమ్ము కనపడేది. ట్రేడు మార్చమని అర్జీ పెట్టుకున్నాను. ప్రిన్సిపాలు తన చేతుల్లో లేదని గుంటూరు ఆఫీసుకి పంపాడు. నేనూ నాయనా బస్సెక్కి ఎన్నోసార్లు అక్కడికి తిరిగాం. ఆ ఆఫీసు మేడ మీద. వికలాంగుల పనులు చూసే సెక్షను కూడా ఆ మేడ మీదే. నాయన నన్ను సగం మోసుకుంటూ ఎక్కించేవాడు. అక్కడి గుమాస్తా ప్రతిసారీ అదే మాట. జీవోలో సీటు ఇవ్వమని ఉంది, ట్రేడు మార్చమని లేదు, పైనుంచి వివరణ రావాలి.

నాయన ఒకసారి ఓపిక పట్టలేక, "బల్ల ఖాళీగా ఉంది సార్. పిల్లని దాని ముందు కూర్చోబెట్టటానికి వివరణ ఏంది?" అని అడిగాడు.

గుమాస్తా తలెత్తకుండానే, అట్లా మాట్లాడితే ఉన్న సీటు కూడా పోతుందన్నాడు. నాయన అర్జీ కాయితం మడిచి జేబులో పెట్టుకుని, నన్ను పట్టుకుని మెట్లు దిగాడు.

వివరణ రాలేదు, పరీక్షలు వచ్చాయి. ప్రాక్టికల్‌కి బయటి ఊరి నుంచి ఎగ్జామినరు వచ్చాడు. ఒక పూటలో గుడ్డ కత్తిరించి రవిక కుట్టి ఇవ్వాలి. మేడమ్ ముందే ఆయన దగ్గరికి వెళ్ళి మా సంగతి చెప్పింది. ఒకరి తర్వాత ఒకరికి పరీక్ష పెట్టమని, ఇద్దరూ ఒకరికొకరు సాయం చేసుకోనివ్వమని అడిగింది. పదో తరగతి పరీక్షల్లో చూపులేని పిల్లలకి పక్కన ఇంకొకరిని కూర్చోబెట్టి రాయిస్తున్నారు గదా సార్, అని కూడా అంది. ఆయన విన్నాడు. మా ఇద్దరినీ చూశాడు.

"ఇద్దరికీ కలిపి ఒక సర్టిఫికెట్ ఇమ్మంటారా మేడమ్?" అన్నాడు.

చుట్టూ ఉన్న పిల్లలు కొందరు నవ్వారు. మేడమ్ మొహం ఎర్రబడింది. అక్క స్టూలు ఎత్తుకుని తన మిషను దగ్గరికి పోయి కూర్చుంది.

నేను ఒంటికాలితో ఎంత తొక్కగలనో అంతా తొక్కాను. ఒక చెయ్యి అతికించాను, రెండోది గుండుసూదులతోనే మిగిలింది. అక్క గుడ్డని గడ్డం కింద అదిమిపట్టి కుట్టబోయింది. నెత్తి మీది చెమట గుడ్డ మీద పడింది. ఎగ్జామినరు ఆమె దగ్గర కాసేపు నిలబడి, మొహం తిప్పుకుని ముందుకి వెళ్ళిపోయాడు. ఆ తిప్పుకోవటంలో జాలి ఉందేమో. మార్కులు మాత్రం లేవు. ఇద్దరం తప్పాం.

ఐటీఐ వార్షికోత్సవంలో ప్రిన్సిపాలు చదివిన రిపోర్టులో వికలాంగుల సీట్లు రెండూ భర్తీ అయ్యాయని ఉంది. చప్పట్లు కొట్టారు. మేం వెనక వరసలో ఉన్నాం.

"భర్తీ అయ్యామంటే మనం" అంది అక్క, నా చెవిలో.

వేసవిలో గుంటూరు నుంచి జవాబు వచ్చింది. కొత్త ఏడాది సెలక్షన్లో డ్రాఫ్ట్స్‌మన్‌కి నేను పోటీపడవచ్చునట. నాయన ఆ కబురు షెడ్డులో అందరికీ చెప్పుకున్నాడు. మళ్ళీ అదే ఇంటర్వ్యూ గది, బల్ల వెనక అదే ఆఫీసరు. ఈసారి నా బొమ్మలు చూశాడు, బాగున్నాయన్నాడు కూడా. కానీ కోటా సీటు ఒక మనిషికి ఒక్కసారే ఇస్తారట, నాది నిరుడే వాడుకున్నానట.

"నేను అడిగింది ఇది సార్. మీరు ఇచ్చింది అది" అన్నాను. అంతకు ముందు ఏ ఆఫీసరుతోనూ నేను అట్లా మాట్లాడలేదు.

ఆయన నొచ్చుకున్నట్టు చూశాడు. "అప్పుడు నువ్వు ఒప్పుకునే చేరావు గదమ్మా" అన్నాడు.

డ్రాఫ్ట్స్‌మన్ బల్ల ఆ ఏడాది ఎవరికో పోయింది. ఎవరికని నేను కనుక్కోలేదు.

తర్వాత మా లెక్కల టీచరమ్మ తనకి తెలిసిన ఒక ఇంజనీరుకి చెబితే ఆయన ఇంటి వరండాలో నాకు పని దొరికింది. ఇళ్ళ ప్లాన్లు ట్రేసింగ్ కాయితం మీద ఇంకుతో ఎక్కించటం. సర్వే గొలుసు నన్నెవరూ పట్టుకోమనలేదు. కొన్నాళ్ళకి ప్లాన్లు నేనే గీసేదాన్ని, సంతకం ఆయన చేసేవాడు. సర్టిఫికెట్ లేదు కాబట్టి నా పేరు ఏ కాయితం మీదా ఉండదని ఆయన ముందే చెప్పాడు. ఆ తర్వాత కొత్త విద్యా విధానం వచ్చిందని, వికలాంగుల చదువుకి మంచి రోజులని మళ్ళీ సభలు పెట్టారు. నన్ను పిలిచారు, నేను పోలేదు.

అక్క బొల్లాపల్లి వెళ్ళిపోయింది. చెయ్యి పోయినప్పుడు ఆగిపోయిన పదో తరగతికి ప్రైవేటుగా కట్టి, రెండోసారికి పాసయింది. ఒకసారి పేట వచ్చినప్పుడు నేను పనిచేసే వరండాకి వచ్చి చాలాసేపు కూర్చుంది. టీచర్ ట్రైనింగ్‌కి అప్లికేషను పెట్టబోతున్నానంది. బోర్డు మీద ఎడమ చేత్తో రాస్తే పిల్లలు నవ్వుతారని వాళ్ళ ఊళ్ళో ఎవరో అన్నారట.

"పెట్టు అక్కా" అన్నాను.

"పెడతాలే. కానీ ఈసారి కుట్టుమిషను ఇస్తామంటే మాత్రం వాళ్ళ బల్ల మీదికి విసిరేసి వత్తా" అంది.

తర్వాత నాలుగు గంటల బస్సుకి టైమయిందని లేచి, చెంగు సర్దుకుని స్టాండు వైపు గబగబా నడిచింది.