నీసు తినని చుట్టం

కుప్పం నుంచి ఫోను వచ్చేసరికి నేను మదనపల్లెలో మా ఇంట్లో చీరలు మడత పెడుతున్నాను. చేసింది పరుపులు కుట్టే మామ కొడుకు. "మా నాయిన పోయినాడన్నా. నిన్ననే మట్టి చేసినాము" అన్నాడు. ముందే ఎందుకు చెప్పలేదని నేను అడగలేదు. చావింట్లో వాళ్లకు ఎవరని గుర్తుంటారు? తక్కిన చీరలు కూడా మడత పెట్టి లేచాను.

ఆయన నాకు ఏ వరుసకూ మామ కాదు. ఆయన సాయిబు, నేను మగ్గం నేసేవాణ్ని. నేసిన చీరలు చెన్నైలో ఒక అంగడికి వేసి వస్తుంటాను. అంతదూరం బస్సులో కూర్చుంటే నా నడుము ఊరుకోదు. అందుకే పుంగనూరు మీదుగా కుప్పం పోయి రైలెక్కుతాను. తిరిగి వచ్చేటప్పుడే తిప్పలు. ఒక సాయంత్రం రైలు దిగేసరికి మా వైపు పోయే బస్సు వెళ్లిపోయింది. స్టేషను బయట టీ తాగుతూ లాడ్జి ఎక్కడని అడిగాను. పక్కన దూది మూట మీద కూర్చున్న పెద్దమనిషి, "ఈ పొద్దులో యాడికి పోతావప్పా? రామకుప్పం దావలో ఏనుగులు తిరుగుతాండాయి. మాయింటికి రా" అన్నాడు. లాడ్జికీ ఏనుగులకూ సంబంధమేమిటో నాకిప్పటికీ తెలియదు. వెళ్లాను.

ఆరోజు శనివారం. అత్త కోడికూరకు మసాలా నూరుతోంది. శనివారం నీసు తిననని చెప్పాను. మామ మారుమాట లేకుండా లేచి వెళ్లి, ఎదురింటి అమ్మ చేత సంగటి, పప్పు చేయించి తెచ్చాడు.

ఆ తర్వాత ఏళ్ల తరబడి, ఏ వారం దిగినా అదే వరస. ముందుగదిలో నాకొక్కడికి ఆకు, అందులో ఎదురింటి పప్పు. వాళ్లంతా లోపల. బయటివాళ్లను పక్కన కూర్చోబెట్టుకోరేమో అనుకున్నాను. నాకు గుచ్చుకునేది. ఎంత చేసినా పరాయివాణ్నే కదా అనిపించేది. పెట్టినదాన్ని పెట్టినట్టు తినాలని మా అమ్మ పెంపకం, అందుకని అడగలేదు.

పడకకు మాత్రం రాజభోగం. మర్నాడు ఎవరింటికో పోవలసిన కొత్త పరుపు తెచ్చి నాకు వేసేవాడు. మనిషి ఒకడు పడుకుంటేగాని పరుపు కుదురుకోదట. రైలు ఆలస్యమైందని నేను విసుక్కుంటే, ఇంకో టీ తాగే సందు దొరికింది కదా అనేవాడు. ఆయన నోట విసుగుమాట నేను వినలేదు. నాకు చేతగాని విద్య అది.

పోయిన ఎండాకాలం పుంగనూరు బస్టాండు పక్క హోటల్లో మటన్ బిరియానీ తింటున్నాను. ఎముక చేతిలో ఉండగా ఎదుట మామ. చౌడేపల్లెలో బంధువుల పెళ్లికి పోతూ టీకి వచ్చాడట. ఎముకను చూశాడు. నన్ను చూశాడు. కూర్చున్నాడు.

"నువ్వు తింటావా అప్పా?"

తింటానన్నాను. శనివారం తప్ప.

"నీకు వాసన తగలగూడదని మీ అత్త కిటికీలు మూసి వండుతాండాది కదప్పా ఇన్నేండ్లూ. నువ్వు అసియ్యపడతావేమో అని మేము లోపల దాంకోని తింటాండాము."

నేను అనుకున్నది నేనూ చెప్పేశాను. దగ్గు వచ్చేదాకా నవ్వాడు. ఇద్దరం ఎంత మర్యాదస్థులమో చూడండి. లేచేటప్పుడు నా భుజం మీద చెయ్యి వేసి, "ఈ తూరి వస్తే మా పక్కన కూసోని తిందువు" అన్నాడు. ఆ మాట కోసమే ఇన్నేళ్లు కాచుకుని ఉన్నానని అప్పుడు తెలిసింది.

ఆ వానాకాలమంతా అంగడాయన చీరలు అడగలేదు. రైలెక్కే పని పడలేదు. ఆ తర్వాత వచ్చింది ఈ ఫోనే.

నలభై దినాల ఫాతెహాకు వెళ్లాను. పోయినవాళ్ల పేరున ఆరోజు అందరికీ భోజనం పెడతారు. గడప దగ్గరే ఎదురింటి అమ్మ పప్పుగిన్నెతో నిలబడి ఉంది, నేను వస్తానని తెలిసి చేసిందట. భర్త పోయిన గడువు తీరేదాకా అత్త పరాయి మగవాళ్ల ఎదుటికి రాదట. నేను నోరు తెరిచేలోపే తెర వెనక నుంచి ఆమె గొంతు వినబడింది, కొడుకుతో అంటోంది: "ఆయప్పను లోపలికి పిల్సు. మీ నాయిన ఎప్పుడో పిల్సిండాడు."

పప్పుగిన్నె కూడా అందుకుని లోపలికి వెళ్లాను. నేల మీద గుడ్డ పరిచి, మధ్యలో పెద్ద పళ్లెం పెట్టారు. ఆ ఇంట్లో ఒక పళ్లెం చుట్టూ నలుగురు కూర్చుని తింటారు. మామ కొడుకు, మామ తమ్ముడు, నేను కూర్చున్నాం. నాలుగో మనిషిని ఎవరూ పిలవలేదు. నాకు ఏడుపొచ్చింది. ఏడుస్తూనే తిన్నాను. మా మూడు వైపులా అన్నం తరిగి పళ్లెం అడుగు కనబడుతోంది. నాలుగో వైపు అన్నం, వడ్డించింది వడ్డించినట్టే ఉంది.